రెప్ప లాగే గోవిందమ్మ

పుంగనూరు ఆడపిల్లల హాస్టల్లో వంట చేసే గోవిందమ్మకు ఒకటే పిచ్చి, ఎదుటపడ్డ మనిషి కంటి కింది రెప్ప లాగి చూడటం. బాగున్నావా అని అడగడం ఆమెకు తెలియదు. లోపల ఎర్రగా ఉంటే వదిలేస్తుంది, పాలిపోయి ఉంటే గరిటె అందుకుంటుంది.

వార్డెన్ శోభారాణినీ, పోస్టుమ్యాన్ గంగాధర్‌నీ వదల్లేదు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు కోప్పడబోయాడు గానీ, "నీకూ మునగాకు కావల్లప్పా" అని ఆమె తేల్చేసరికి బుద్ధిగా కూర్చుని రెండు ముద్దల సంగటి తిని వెళ్లాడు. పాలు పోసే రెడ్డెప్ప ఆవునూ చూసింది. పాపం, అది తన్నలేదు కూడా.

ఇంటర్ చదివే వర్షితకు ఇదంతా భలే నవ్వులాట, తన వంతు వచ్చేదాకా. ఆ నిమ్మనపల్లె పిల్లకు పరుగంటే ప్రాణం. మూడు నెలల్లో కుప్పంలో పోటీలు. నెలసరి మొదలైతే మాత్రం ఎనిమిది రోజులైనా ఆగదు, నాలుగు మెట్లెక్కితే కళ్లు తిరుగుతాయి. చెబితే పోటీ నుంచి తీసేస్తారని భయపడి నోరు కుట్టేసుకుంది.

గోవిందమ్మ ఆమె రెప్ప లాగి కాస్త ఎక్కువసేపు చూసింది. మరునాడు తనకు మోకాళ్ల నొప్పులనీ, మదనపల్లె ఆసుపత్రికి తోడుగా వర్షితను పంపమనీ వార్డెన్‌ను అడిగింది.

తీరా అక్కడ మోకాళ్ల ఊసే లేదు. ముందు డాక్టరమ్మ రెప్ప లాగి చూసి, తర్వాత వర్షితను ముందుకు తోసింది. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది. హాస్టల్లో ఇచ్చే ఐరన్ మాత్రలు వేసుకోవడం లేదా అని డాక్టరమ్మ అడిగింది. వేసుకుంటోంది, అందరిలాగే వేడివేడి టీతో. టీతో మింగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదని తెలిసి గోవిందమ్మ తల దించుకుంది. ఆ టీ కాచి పోసేది ఆమే మరి. డాక్టరమ్మ నెలసరి సంగతీ అడిగి తెలుసుకుని, రక్తస్రావం తగ్గడానికి వేరే మందులూ రాసి, పరుగు మానక్కర్లేదని, కొన్నాళ్లు నెమ్మదిగా సాధన చెయ్యమని చెప్పింది. వర్షితకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

బస్సులో అడిగింది. "ఆవు రెప్ప యాల సూసినావవ్వా?"

"నీ ఒక్కదానిదే సూస్తే అందురూ నీ పక్కే సూస్తారు గదమ్మా. ఊరందరివీ సూస్తే నాకు పిచ్చనుకుంటారు. సిగ్గుపడే బిడ్డ గూడా నవ్వుకుంటా రెప్ప సూపిస్తాది."

వర్షిత ఆమె చెయ్యి పట్టుకుని పుంగనూరు దాకా కూర్చుంది.

ఆ రోజు నుంచి మాత్రల వేళ టీ బంద్, నిమ్మకాయ నీళ్లే.

కుప్పంలో వర్షితకు రెండో బహుమతి వచ్చింది. మెడలో పతకంతో వంటింట్లోకి పరిగెత్తితే గోవిందమ్మ పతకం వైపు కూడా చూడకుండా రెప్ప లాగింది.

"ఎర్రగా ఉండాది," అని వదిలేసింది.

"మరి నీది యెవురు సూస్తారవ్వా?" అంటూ వర్షిత ఆమె రెప్ప లాగింది. సున్నం కొట్టినట్టుంది.

వర్షిత ఆమెను పీట మీద కూర్చోబెట్టి గరిటె అందుకుంది. గోవిందమ్మ ముందు ఓ గుక్క టీ తాగుతానంది. హాస్టల్ మొత్తం ఒక్క గొంతుతో వద్దంది.