అయిజ నుంచి కోడేరుకు, మా గౌరి తెలుగు కోసం

మా పుట్టిల్లు నాగర్‌కర్నూల్ జిల్లా కోడేరు పక్కన పల్లె. పెళ్లయి వచ్చింది గద్వాల వైపు అయిజకు. కర్ణాటక దగ్గర కాబట్టి అత్తగారింట్లో అందరిదీ కన్నడమే. మా గౌరికి మూడున్నరేళ్లు. దాని నోట కూడా కన్నడం తప్ప రాదు. ఫోన్‌లో మా అమ్మ పలకరిస్తే నా కొంగులో ముఖం దాచుకుంటుంది. పోయిన వారం అమ్మ తేల్చి చెప్పింది: "బడి తెరిచేనాటికి పిల్లను నా కాడ ఇడిచిపెట్టు. ఈడనే బడిల ఏస్త. లేకుంటే మనుమరాలు ఉండి కూడా లేనట్టే నాకు." మా ఆయన నీ ఇష్టం అన్నారు. అప్పటి నుంచి ఏ పనిలోనూ మనసు నిలవడం లేదు. అందుకే ఒక లక్ష్యం పెట్టుకున్నాను. కోడేరు చేరేలోపు "అమ్మమ్మా, బాగున్నవా?" అన్న ఒక్క మాట గౌరికి నేర్పాలి. గౌరి ఆ మాట అంటే, దానికి తెలుగు వస్తోందని అమ్మకు చెప్పి పిల్లను నాతోనే తెచ్చుకోవచ్చు.

పొద్దున ఏడింటికి అయిజలో గద్వాల బస్సు ఎక్కాము. గంటకు కాస్త ఎక్కువ పడుతుంది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. కండక్టర్ గౌరి బుగ్గ తట్టి "నీ పేరేంది బిడ్డా?" అన్నాడు. "నన్న హెసరు గౌరి" అంది అది, తన పేరు కన్నడంలో చెబుతూ. "ఏందమ్మా, కార్డు తెలంగాణది, పిల్ల కర్ణాటకదా? ఫ్రీ మనోళ్లకే!" అన్నాడు. బస్సులో అందరూ నవ్వారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పక్కనున్న పెద్దావిడ "ఊకో అన్నా, జర పిల్లను పరేషాన్ చెయ్యకు" అని మందలించింది.

గద్వాలలో వనపర్తి బస్సు వెంటనే దొరికింది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే గౌరి కిటికీకి అతుక్కుపోయింది. నేను మాత్రం నది చూడలేదు. ఎవరైనా విని మళ్లీ నవ్వుతారేమోనని దాని చెవిలో గుసగుసగా "అమ్మమ్మా, బాగున్నవా" అని చెబుతూనే ఉన్నాను. అది చెవి గోక్కుని నవ్వేది. వనపర్తిలో కోడేరు బస్సు కోసం గంట ఆగాలి. అక్కడ ఇడ్లీ పెట్టించాను. కోడేరు బస్సులో నిద్రపోయింది. దిగి ఆటోకు ఇరవై రూపాయలిచ్చి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. అమ్మ చేతులు చాచి ఎదురొచ్చింది. గౌరి నా వెనక దాక్కుంది. నేర్పిన మాట ఒక్కటీ రాలేదు.

అమ్మ పప్పన్నంలో నెయ్యి కలిపి ముద్దలు పెట్టసాగింది. నాలుగు ముద్దలయ్యాక గౌరి చేయి అడ్డం పెట్టి "సాకు" అంది. అమ్మ ఆగిపోయింది. "సాకాల్నా? నేనా?" గౌరి ఇంకా గట్టిగా "సాకు, సాకు!" అంది. అమ్మ కళ్లు తుడుచుకుంది. "సాకుత నా తల్లీ, సాకుత. ఇన్నవానే? పిల్లనే నోరు తెరిచి అడుగుతున్నది, నన్ను సాకమని!" అంటూ ఇంకో ముద్ద పెట్టింది. పిల్ల బుగ్గలు ఉబ్బిపోయాయి.

నేను ఊరుకుంటే గౌరి అక్కడే ఉండిపోతుంది. చెప్పాను. "అమ్మా, కన్నడంల సాకు అంటే చాలని. కడుపు నిండిందట."

అమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. నవ్వింది కానీ ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. "అయ్యో, పిల్ల వద్దంటుంటే కుక్కుతున్ననా! మరి ఇంట్ల దానితోని నువ్వేం మాట్లాడుతవే?"

"ఏం మాట్లాడుత? తినిపిస్త, పండబెడుత."

"నీకే నోరు లేకపాయె. దానికి తెలుగు యాడికెళ్లొస్తది? తల్లి ఉండంగ నేను నేర్పుడెందుకు? పిల్లను తీస్కపో. కానీ ఒర్రు, దానితోని రోజంతా మాట్లాడుకుంట ఒర్రు."

మర్నాడు తిరుగు బస్సులో గౌరి కిటికీలోంచి వేలు చూపించి కన్నడంలో "ఎమ్మె!" అంది. "బర్రె" అన్నాను, ఈసారి గుసగుసగా కాదు. పక్కవాళ్లు చూశారు. మళ్లీ అన్నాను. కాసేపటికి ఇంకో బర్రె కనబడగానే గౌరి బస్సంతా వినేలా "బర్రె!" అని అరిచింది. ముందు సీటులోని లావుపాటి ఆవిడ వెనక్కి తిరిగి "ఎవర్నే అంటున్నవు, పోరీ?" అంది. "మిమ్మల్ని కాదక్కా, బయట బర్రెను" అన్నాను. బస్సు నవ్వింది. నేనూ నవ్వాను.

ఇన్నాళ్లూ పిల్లకు ఎన్ని మాటలు రావాలో లెక్కపెట్టాను. నేను ఎన్ని మాట్లాడుతున్నానో చూసుకోలేదు. ఇప్పుడు దాని స్నానం, తిండి, జడ అన్నీ తెలుగులోనే చేస్తున్నాను. కన్నడం నాయనమ్మ దగ్గర ఎలాగూ ఉంది. బడి తెరిచేలోపు అమ్మతో మాట్లాడుతుందో లేదో తెలియదు, ఆ గుబులు పోలేదు. ఒక్క సలహా: పిల్లలతో ఈ దారిన వచ్చేవాళ్లు ఎక్స్‌ప్రెస్ కోసం ఆగకండి. పల్లెవెలుగు ఎక్కి కిటికీ పక్కన కూర్చోండి. అది ఊరూరా ఆగుతుంది. ఆగినచోటల్లా ఏదో ఒకటి కనబడుతుంది, నాలాంటి వాళ్లకు కూడా చెప్పడానికి మాట దొరుకుతుంది.