బారిత్స మూయని కిటికీ

జాగ్రెబ్‌లోని త్రెష్ణ్యెవ్‌క పేటలో బారిత్స పొగాకు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఆకులు ఏరి రిటైరైంది. రోజూ పొద్దున్నే బాతు ఈకల ఎర్ర బొంతను వీధి వైపు తెరిచిన కిటికీ గట్టు మీద ఆరేస్తుంది, పది దాటితే గానీ తీయదు, కిటికీ మూయదు. ఆ వీధి ఆడవాళ్లందరిదీ అదే అలవాటు.

ఓ మంగళవారం ఆ వీధిలోకి సినిమావాళ్లు దిగారు. పేరున్న నవలలోని హత్య కథ అది. కత్తిపోటు తిన్న పిల్ల సాయం కోసం పరుగెడుతుంటే వీధిలో కిటికీలన్నీ మూసుకోవాలి.

"అంటే, పిల్ల చస్తుంటే మేం తలుపులేసుకుంటామా?" అంది బారిత్స.

"నవలలో అలాగే ఉంది పిన్నిగారూ," అన్నాడు దర్శకుడు క్రెషిమిర్.

"రాసినాయన ఇక్కడెప్పుడైనా ఓ రాత్రి పడుకున్నాడా?"

"ఊరుకోవే, సినిమాయే కదా!" అంది పక్కింటి యాగ.

"సినిమా గనకే మన తర్వాతా ఉంటుందే. యుద్ధంలో సైనికులు ఇంటింటా వెతుకుతుంటే, ఈ కిటికీలోంచే ఓ పిల్లని లోపలికి లాగాను. ఏడు వారాలు ఈ బొంత కిందే దాక్కుంది. ఈ వీధిలో ఒక్క నోరు జారలేదు. ఇప్పుడేమో ఈ ఇళ్లు పడగొడతామని మునిసిపాలిటీవాళ్లు నోటీసులిచ్చారు. మనం రాతిగుండెలవాళ్లమని తెర మీద చూపిస్తే వాళ్లకింకేం కావాలి?"

యాగ వెళ్లి, మిగతా ఆడవాళ్లలాగే తన కిటికీలోని దిండ్లు లోపలికి తీసుకుంది.

కెమెరా తిరిగింది. కిటికీలన్నీ ధడధడా మూసుకున్నాయి, ఎర్ర బొంత ఉన్న ఒక్క కిటికీ తప్ప. పరుగెత్తుకొచ్చిన నటి అక్కడ తడబడింది. బారిత్స చేతులు చాచి ఆమెను లోపలికి లాగేసింది.

"ఆపండి! ఆ బొంత తీసెయ్యండి!" అని అరిచాడు క్రెషిమిర్.

"పది కాలేదు బాబూ."

"పదయ్యాక ఈ ఏటవాలు ఎండ ఉండదు!"

"అయితే బొంతతోనే తీసుకో."

రెండోసారికి యాగ కిటికీలో దిండ్లు కనిపించాయి. మూడోసారికి వీధంతా దుప్పట్లే. క్రెషిమిర్ పెట్టె మీద కూలబడ్డాడు. ఎండ మారిపోయింది. వేరే వీధి వెతికే వ్యవధి లేదు. చేతికి దక్కింది మొదటిసారి తీసిన ముక్కే.

వసంతంలో పేట సినిమా హాలు నిండిపోయింది. తెర మీద కిటికీలు మూసుకుంటూ పోయాయి. ఎర్ర బొంత దగ్గర రెండు చేతులు పిల్లను లాక్కున్నాయి. బారిత్స లేచి నిలబడింది.

"ఆ చేతులు నావి!"

వెనక వరసలోంచి యాగ కూడా లేచి క్రెషిమిర్ వైపు తిరిగింది. "రెండోసారి నేనూ తెరిచాను! అదెందుకు పెట్టలేదయ్యా?"

"మేమూ తెరిచాం!" అంటూ వరస తర్వాత వరస లేస్తుంటే, హాల్లో ఇంకెవరికీ తెర కనపడలేదు.