జపాన్ కంటైనర్లకి అడ్డొచ్చిన తుమ్ము

దెయ్యం ఉందని ఎవరైనా చెబితే, దాని కంటైనర్ నంబరెంత అని అడిగే రకం నేను. చేసిన ఉద్యోగం అలాంటిది. ఒక వస్తువు ఉందీ అంటే అది ఎక్కడ బయల్దేరిందో, ఇప్పుడెక్కడుందో, ఎంత చలిలో ఉందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే మా లెక్కలో అది లేనట్టే. అందుకే చుట్టాల్లో ఎవరైనా చింతచెట్టు, తెల్లచీర అని మొదలుపెడితే నవ్వేసి లేచిపోయేదాన్ని. ఇప్పుడు నేనే మొదలుపెడుతున్నాను కాబట్టి మీరు లేచిపోయినా ఏమీ అనుకోను.

2003లో అమెరికాలో టెక్సస్‌లో, ప్లేనో అనే ఊళ్ళో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుండేదాన్ని. అమెరికా నుంచి విదేశాలకి వెళ్ళే బీఫ్, పోర్క్ కంటైనర్లని ప్లాంట్ గుమ్మం దగ్గర్నుంచి ఓడ ఎక్కేదాకా కనిపెట్టుకుని ఉండటం మా పని. మాది గుంటూరు. ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రానివ్వం. అలాంటి నాకు ఏ దేశం ఏ ముక్క కొంటుందో కంఠతా వచ్చు. జపాన్‌కి నాలుక, ఈజిప్టుకి లివర్, మెక్సికోకి పంది తొడ. వాటిలో ఒక్కటి కూడా కళ్ళతో చూసిన పాపాన పోలేదు. అన్నీ స్క్రీన్ మీద నంబర్లే.

అప్పుడు మా అత్తగారు ఆరునెలలు ఉండి వెళ్దామని వచ్చి ఉన్నారు. ఏం పనమ్మా నీది అని అడిగితే, "కోల్డ్ స్టోరేజీ అత్తయ్యా" అన్నాను. అబద్ధం కాదు. కానీ గుంటూరు మనిషికి కోల్డ్ స్టోరేజీ అంటే మిరపకాయల బస్తాలే. ఆవిడ ఫోన్లో ఊరందరికీ మా కోడలు అమెరికాలో మిరపకాయలు చూసుకుంటోందని చెప్పేశారు. మా పెదమామగారైతే అక్కడ తేజ రకం మిర్చి రేటెలా ఉందో కనుక్కోమని రెండుసార్లు కబురు పెట్టారు.

మా కంపెనీ యజమాని మూర్తి గారు. డెబ్భైల్లోనే అమెరికా వచ్చి, స్టాటిస్టిక్స్‌లో డాక్టరేట్ చేసి, పెద్ద ఉద్యోగం మానేసి ఇది పెట్టుకున్నారు. మనిషి మంచివారు, కంగారు మనిషి. ఆ ఏడాది టెలికాం కంపెనీలు కుప్పకూలి మా వీధిలో సగం ఇళ్ళల్లో మగవాళ్ళు ఉద్యోగాలు పోయి మధ్యాహ్నం పూట గడ్డి కోసుకుంటున్నారు. మా ఆయనా వాళ్ళలో ఒకడు. నా ఉద్యోగం చూస్తే తుమ్మితే ఊడే ముక్కు. ఆ సామెత నామీద అంత సూటిగా పనిచేస్తుందని అప్పుడు తెలియదు.

మా కస్టమర్లలో రే అని ఒకాయన ఉండేవాడు. మా రాష్ట్రంలోనే అమరిల్లో అనే పట్నం దగ్గర ఒక చిన్న ఊళ్ళో వాళ్ళ తాత పెట్టిన మాంసం ప్లాంట్ నడిపేవాడు. పెద్ద ప్లాంట్ల ముందు నిలబడలేక నలిగిపోతున్నాడు. ఎన్నో ఏళ్ళు తిరిగితే జపాన్ నుంచి మొదటి ఆర్డర్ వచ్చింది, అయిదు కంటైనర్లు. అవి సరిగ్గా చేరితే ప్లాంట్ నిలబడుతుంది, లేకపోతే కూతురికి అప్పగించడానికి ఏమీ మిగలదు, తాళం వేసి ఊరుకుంటాను అని మాతో దాచుకోకుండా చెప్పాడు. ఊళ్ళో సగం మంది ఆ ప్లాంట్‌లోనే పని చేసేవారు. అందుకే ఆ అయిదు కంటైనర్లంటే నాకు భయమూ ఉండేది, ముద్దూ ఉండేది. స్కూలుకి పంపిన పిల్లల్ని చూసుకున్నట్టు చూసుకునేదాన్ని.

క్రిస్మస్‌కి ముందు రోజులవి. మధ్యాహ్నం. అయిదు లారీలూ కాలిఫోర్నియాలో పోర్టు గేటు బయట వరసలో ఉన్నాయి. సర్టిఫికెట్లూ, సీలు నంబర్లూ అన్నీ సరిపోయాయని నేను ఇక్కడ రిలీజ్ కొడితే అవి లోపలికి వెళ్తాయి. ఆ ఓడకి పోర్టు గేటు మూసే వేళ దగ్గర పడింది. ఒక సర్టిఫికెట్‌లో అక్షరం తేడా ఉంటే దాన్ని సరిచేయించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. బల్ల మీద స్పీకర్ ఫోన్‌లో రే ఉన్నాడు. తన ఆఫీసు గదిలో ఒక్కడినే కూర్చున్నానని చెప్పి, ఊపిరి కూడా మెల్లిగా పీలుస్తున్నాడు. నా పక్కన మూర్తి గారు. గదిలో ఇంకెవరూ లేరు.

"అంతా ఓకే. కొట్టేయ్ అమ్మా పద్మా, రిలీజ్ చేసేయ్" అన్నారు మూర్తి గారు.

నేను వేలు పెట్టబోయాను. ఫోన్‌లో తుమ్ము వినిపించింది. చిన్న తుమ్ము. ఒకే ఒక్కటి.

నా వేలు గాలిలో ఆగిపోయింది. మూర్తి గారి మొహం చూశాను. ఆయన నా మొహం చూశారు. అవతల రే "బ్లెస్ యూ" అన్నాడు. తుమ్మిందీ తనే, దీవించుకుందీ తనేనా అని నాకు ఒక్క క్షణం తోచింది కానీ, ఆ మాట పట్టించుకునే స్థితిలో లేను. ఒంటి తుమ్ము పడ్డాక పని మొదలుపెట్టాలా, వద్దా? నాకు నమ్మకాలు లేవన్న సంగతి నా వేలికి ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఒక్క నిమిషం ఆగమ్మా. తుమ్ము పడింది" అన్నారు మూర్తి గారు తెలుగులో, గొంతు తగ్గించి. "కాస్త కూర్చుని, మంచినీళ్ళు తాగి..."

"కూర్చునే ఉన్నాను కదండీ."

"అయితే లేచి కూర్చో."

లేచి కూర్చున్నాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వాగదు. ఒక డాక్టరేటూ, ఒక ఎం.సి.ఏ., అయిదు కంటైనర్ల బీఫ్‌ని గేటు దగ్గర నిలబెట్టి శకునం చూస్తున్నాం. మూర్తి గారు నీళ్ళు తేవడానికి వెళ్ళారు. కూలర్ ఖాళీ. అటు చివర కిచెన్ దాకా నడిచారు. అక్కడ గ్లాసు దొరకలేదట, కాఫీ కప్పు కడిగి తెచ్చారు. ఇద్దరం చెరో గుక్క తాగి నేను రిలీజ్ కొట్టేసరికి స్క్రీన్ మీద ఎర్రగా వచ్చింది. గేటు మూసేశారు. ఓడ మా కంటైనర్లు లేకుండానే వెళ్ళిపోతుంది.

ఫోన్‌లో రే "ఏమైంది?" అని మాత్రం అడిగాడు. మూర్తి గారు సిస్టమ్ ప్రాబ్లమ్ అన్నారు. రే ఒక్క తిట్టు కూడా తిట్టకుండా ఫోన్ పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికి వెళ్ళి ఏడ్చాను. అత్తగారు కంగారుపడి అడిగితే, సరుకు ఓడ ఎక్కలేదనీ, తుమ్ము పడితే ఆగామనీ చెప్పాను. ఆవిడకి నా ఏడుపు అర్థం కాలేదు. "ఆగారు కదా, మంచిపనే చేశారు. ఒంటి తుమ్ముకి ఎదురెళ్తే ఎవరు బాగుపడ్డారు? మిరపకాయలేగా, వారం ఆగితే పుచ్చిపోతాయా?" అని నాకు పెరుగన్నం కలిపి పెట్టారు.

తర్వాతి ఓడ కోసం ఎదురుచూస్తుండగానే ఆ వార్త వచ్చింది. అమెరికాలో ఒక ఆవుకి పిచ్చి ఆవు జబ్బు బయటపడింది. జపాన్ వెంటనే తలుపు మూసేసింది. కొరియా మూసింది, మెక్సికో మూసింది, మా స్క్రీన్ మీద దేశాలు ఒకటొకటిగా ఆరిపోయాయి. సముద్రం మీద ఉన్న మాంసాన్ని దింపుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. మా కంటైనర్లు ఎక్కాల్సిన ఓడ కూడా అప్పుడు నడి సముద్రంలో ఉంది.

రే కంటైనర్లు మాత్రం కాలిఫోర్నియాలో కోల్డ్ స్టోరేజీలో చల్లగా కూర్చున్నాయి. అతను వాటిని ఇక్కడే అమ్ముకున్నాడు. లాభం లేదు కానీ ప్లాంట్‌కి తాళం పడలేదు. బీఫ్ లేక జపాన్ వాళ్ళు పోర్క్ ఎక్కువ కొనడం మొదలుపెడితే, రే ప్లాంట్‌ని అటు తిప్పాడు. కూతురు కూడా పనిలోకి దిగింది. పిచ్చి ఆవు వార్త విన్న రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. దేశమంతా గగ్గోలు పెడుతుంటే నేను, మూర్తి గారు ఆఫీసులో స్వీట్లు పంచుకున్నాం, పాపం మిగతా కస్టమర్లు చూడకుండా.

అప్పుడు మూర్తి గారు రేకి ఫోన్ చేసి అసలు సంగతి ఒప్పుకున్నారు. సిస్టమ్ ప్రాబ్లమ్ ఏమీ లేదు, మా వాళ్ళలో తుమ్ము పడితే ఆగుతారు అని. రే పగలబడి నవ్వాడు. వీలు చూసుకుని వచ్చి, ఆ తుమ్మినావిడకి స్వయంగా థ్యాంక్స్ చెప్పుకుంటానన్నాడు. తుమ్మింది తనే కదా, ఎంత హాస్యమాడుతున్నాడో అనుకున్నాం.

వేసవి ముందు వచ్చాడు కూడా. నిలువెత్తు మనిషి, చేతిలో టోపీ. మేం శాకాహారులమని గుర్తుపెట్టుకుని వాళ్ళ పెరటి చెట్టు పెకాన్లు, మన అక్రోట్లలాంటి గింజలు, డబ్బాల్లో పోయించి తెచ్చాడు. మూర్తి గారికి ఒకటి, నాకు ఒకటి ఇచ్చాడు. మూడో డబ్బా చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"షారన్ ఈరోజు రాలేదా?"

"మా దగ్గర షారన్ అని ఎవరూ లేరే" అన్నారు మూర్తి గారు.

"ఎందుకు లేరు? ఆ రోజు మీ దగ్గర ఎవరో తుమ్మితే నేను బ్లెస్ యూ అన్నాను. ఆవిడ తన పేరు చెప్పింది కదా. పెద్దావిడ గొంతు. ఎంత ఆప్యాయంగా చెప్పిందో. షారన్ జీవా అని."

తుమ్మింది అతను కాదా అని మేం అడిగాం. కాదన్నాడు. తన వైపు నుంచి రాలేదు, మీ వైపు నుంచే వచ్చింది అన్నాడు. మాకు మాత్రం అది అతని వైపు నుంచే వినిపించింది.

ఆ పేరు ఇంకోసారి అనమన్నాను. షారన్ జీవా. ఇంకోసారి.  మూర్తి గారు మెల్లిగా, "చిరంజీవ" అన్నారు.

"అదే!" అన్నాడు రే. "అచ్చం అలాగే అంది."

అది పేరు కాదనీ, పిల్లలు తుమ్మితే మా పెద్దవాళ్ళు పక్కనుండి అనే దీవెన అనీ అతనికి చెప్పడానికి మా ఇద్దరికీ కొంతసేపు పట్టింది. ఆ రోజు ఆ మాట నేను అనలేదు, మూర్తి గారు అనలేదు. మేం వినను కూడా లేదు. మేం విన్నది తుమ్ము ఒక్కటే. అమరిల్లో దగ్గర పుట్టి పెరిగిన మనిషికి ఆ తెలుగు మాట ఎక్కడ్నుంచి వచ్చినట్టు?

తర్వాత నేను నాకు తెలిసినంత ఆరా తీశాను. ప్లేనోలో తెలుగు ఇళ్ళు బోలెడు. ఏ ఇంట్లోనో మనవడు తుమ్మితే నాయనమ్మ దీవించి ఉంటుంది, లైన్లు కలిసిపోయి ఉంటాయి అనుకున్నాను. ఫోన్ కంపెనీ మనిషిని పిలిపించి అడిగితే, అలా కలిస్తే రెండు వైపులా ఒకేలా వినిపించాలమ్మా, తుమ్ము మీ ఇద్దరికీ, మాట ఆయనొక్కడికీ ఎలా వస్తాయి అన్నాడు. 

కానీ రే పెకాన్లు తెచ్చిన ఆ రోజు ఆఫీసులో అందరికంటే ముందు తేరుకున్నది రేయే. టోపీ బల్ల మీద పెట్టాడు.

"అంటే తుమ్మింది ఒకరు, దీవించింది ఇంకొకరు" అన్నాడు. "మరి నేను వాళ్ళకోసం ఒక్క డబ్బానే తెచ్చానే!"

అప్పటిదాకా అది మాకు తట్టనే లేదు. లైన్‌లో మేం కాక ఉన్నది ఒకరు కాదు, ఇద్దరు. రే బయటికి వెళ్ళి, ట్రక్‌లో తనకోసం ఉంచుకున్న డబ్బా తెచ్చి మూడోదాని పక్కన పెట్టాడు. ఎవరో చిన్నవాళ్ళు, వాళ్ళ పక్కన ఎవరో పెద్దావిడ. వాళ్ళెవరో, అమరిల్లో మాంసంతో వాళ్ళకేం పనో నాకు ఇవాళ్టికీ తెలియదు. తెలుగువాళ్ళని మాత్రం గట్టిగా చెప్పగలను.