కింది పళ్లు ఆరు

పోయిన సోమవారం హిందూపురంలో మా వీధి మొదట్లో కొత్తగా పెట్టిన పళ్ల ఆసుపత్రికి వెళ్లి, కుర్చీలో వెల్లకిలా పడుకుని నోరు తెరిచాను. పైవరుస మొత్తం పోయి ఏడాదయింది. కిందివరుసలో ముందున్న ఆరు పళ్లు మాత్రం మిగిలాయి, వాటినీ పీకించేసి రెండు వరుసలూ కట్టించుకుంటే ఒక గొడవ వదులుతుందని ముందురోజే డైరీలో రాసుకుని మరీ వెళ్లాను. ఆ డాక్టరమ్మకు మా మనవరాలి వయసుంటుంది. వేలితో ఒక్కొక్క పన్నునూ కదిపి చూసి, "ఇవి రాళ్ల మాదిరి ఉండాయి తాతా, వీటినెందుకు తీసేది? పైకి మాత్రం సెట్టు కడతా," అంది. ఆపైన చీటీ ముందు పెట్టుకుని, ఈ పళ్లతో నేను ఏమేం చేస్తానని అడిగింది. ఏం నములుతాను, ఏం కొరుకుతాను, భజనలో పాడే అలవాటుందా, ఇలా ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. ఉద్యోగం ఏం చేసేవారని చివర్లో అడిగితే, ఆఫీసులో గుమాస్తానని చెప్పాను. అది అబద్ధం. నేను పళ్ల కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. బోసినోళ్లకు సెట్లు కట్టడం పిల్లలకు నేర్పడమే నా ఉద్యోగం.

ఇంటికొచ్చి బీరువా తెరిచాను. పదో తరగతి నుంచి ఒక్కరోజు తప్పకుండా రాసిన డైరీలు వరుసగా ఉంటాయి కాబట్టి నాకు కావలసిన పేజీ దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. అక్కడ నా చేతిరాతే, గుండ్రంగా, కొట్టివేత లేకుండా ఉంది: "మగ రోగి. ముదిగుబ్బ వైపు. పైవరుస లేదు. కింది పళ్లు ఆరు, గట్టివి. తీయించడమైనది."

ఆ మగ రోగి మా అమ్మ తోడబుట్టిన తమ్ముడు, నా మేనమామ.

నాయన పెనుకొండలో సర్కారు ఆఫీసులో అటెండరుగా ఉండేవాడు. ఎండాకాలం సెలవులిస్తే నన్ను ముదిగుబ్బ అవతల మామ వాళ్ల ఊరికి పంపేవాళ్లు, నేను రోజంతా మామ వెంబడి గొర్రెల్లో తిరిగేవాణ్ణి. ఆ వైపు నీళ్ల సంగతి మా తరంవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ బావుల ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన ప్రతివాడి పళ్లూ తుప్పు రంగులో ఉండేవి, ఫొటో దిగాలన్నా, పెళ్లిచూపుల్లో నవ్వాలన్నా చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు. మామ మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకోగా నేను చూడలేదు. పైగా ఆ పళ్లే ఆయన పనిముట్టు. నాలుక కొసను కింది పళ్ల వెనక మడిచి ఈల వేశాడంటే రెండు చేల అవతల మేస్తున్న మంద ఒక్కసారిగా తలలెత్తేది. నీళ్లకు తోలేటప్పుడు ఒక ఈల, చేలో పడబోతుంటే మళ్లించడానికి ఇంకొకటి, పొద్దుగూకి ఇంటికి రమ్మనడానికి సాగదీసిన మరొకటి. నాకూ నేర్పాలని చాలా చూశాడు. నా నోట్లోంచి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. సంగటి ముద్దలు మింగేటప్పుడు, దీనికి పండ్లు అక్కర్లేదు గానీ గొర్రెలకు మాత్రం కావాలప్పా అని నవ్వేవాడు.

నేను చదువుకుని, ఊళ్లు తిరిగి, చివరికి హిందూపురానికి ఆవల ఒక పళ్ల కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాను. అది ఇప్పుడు లేదు, ఆ భవనంలో కల్యాణమంటపం నడుస్తోంది. అక్కడ ఆఖరి సంవత్సరం పరీక్షకు ప్రతి విద్యార్థీ ఒక్క పన్ను కూడా లేని నోటిని చూపించి, దానికి రెండు వరుసలూ అమర్చి చూపాలి. అటువంటి నోళ్లు ఎక్కడినుంచి వస్తాయి? రొద్దం, బత్తలపల్లి వైపు ఊళ్లలో ఉచిత శిబిరం పెట్టి, బస్సులో ఎక్కించుకుని, మధ్యాహ్నం భోజనం పెట్టి తెచ్చేవాళ్లం. మనుషులని కూడా అనేవాళ్లం కాదు. రొద్దం నుంచి నాలుగు నోళ్లు వచ్చాయి, ఒక నోరు తగ్గింది, ఇవీ మా మాటలు. "సార్, నా నోరు ఈపొద్దు రాలేదు," అని ఒక పిల్లవాడు అంటే, "నీ నోరు సంతలో బోండాలు తింటాంటాది, పోయి పట్టుకొచ్చుకోపో," అని ఇంకొకడు అనేవాడు, అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ణి. ఏ నోరు ఏ విద్యార్థిదో గీతలు గీసి పట్టిక రాయడం నా బాధ్యత. ఆ పట్టికలో ఖాళీ గడి ఉండటం నాకు సరిపడేది కాదు.

ఒక ఏడాది పరీక్షలకు నాలుగు నెలలుందనగా ఒక గడి ఖాళీ అయింది. ఒకమ్మాయికి కేటాయించిన ముసలామె ఇక రానని మొండికేసింది. పళ్లు తీశాక చిగుళ్లు మానడానికి నెలలు పడతాయి కాబట్టి కొత్త నోరు ఆ వారంలోనే దొరకాలి. సరిగ్గా ఆ వారంలోనే మామ వచ్చాడు. ధర్మవరంలో ఒక బస్సు, పెనుకొండలో ఇంకో బస్సు మారి, భుజాన కంబళితో, సంచిలో నాకోసం వేయించిన చెనిక్కాయలతో వచ్చి వరండాలో అందరితోపాటు వరుసలో కూర్చున్నాడు. పైవరుస కట్టించుకుందామని ఆయన కోరిక, అంతే. నేను విద్యార్థుల్ని వెంటబెట్టుకుని వస్తుంటే చూసి, "అల్లుడా!" అని లేచాడు.

నా వెనక పది పన్నెండు మంది తెల్లకోట్ల పిల్లలున్నారు. మామ దగ్గర గొర్రెల వాసన వస్తోంది. నేను చేతిలో కార్డు వైపు చూస్తూ, "పేరు చెప్పు," అన్నాను.

మామ ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. తర్వాత తన పేరు, వాళ్ల నాయన పేరు, ఊరి పేరు, ఎవరో అధికారికి చెప్పినట్టు వరుసగా చెప్పాడు. చివర "సార్" అన్నాడు.

కుర్చీలో కూర్చోబెట్టి, కిందివి కూడా తీసేస్తే రెండు వరుసలూ కొత్తవి, తెల్లవి వస్తాయని చెప్పాను.

"ఇవి కదలడంల్యా గద సార్?" అన్నాడు.

"ఇప్పుడు కదలవు, రేపు కదులుతాయి."

"ఈల వస్తాదా సార్?"

వస్తుందన్నాను. నాలుక తగిలితే చాలు, కిందివరుస సెట్టు లేచిపోతుందని పదేళ్లుగా పాఠం చెబుతున్నవాణ్ణి నేను. ఆ అమ్మాయికే మనసొప్పలేదు. ఇవి బాగున్నాయి కదా, పైకి మాత్రం కడితే సరిపోతుంది కదా అని నన్ను పక్కకు పిలిచి అడిగింది. నీకు పరీక్ష కావాలా వద్దా అన్నాను. పిల్ల తల వంచుకుని పట్టకారు తీసుకుంది.

ఆరింట్లో ఒక్కటీ సులభంగా రాలేదు. మత్తు ఇచ్చాం గానీ దవడను విరిచే ఆ బలం మనిషికి తెలుస్తూనే ఉంటుంది. మామ కుర్చీ చేతులు పట్టుకుని పైకప్పు వైపు చూస్తూ ఉన్నాడు. పళ్లెంలో పడిన ఆ గోధుమరంగు పళ్లను పిల్లలు చేతులు మార్చుకుంటూ చూశారు, వాటి వేర్లు ఎంత పొడుగున్నాయో అని ఆశ్చర్యపోయారు, ఒకటి నమూనాకని సీసాలో వేశారు. నేను పట్టికలో గడి నింపాను. ఇంటికెళ్లి డైరీ రాశాను.

పరీక్ష అయింది. మైనంలో పళ్లు గుచ్చి నోట్లో పెట్టి చూపిస్తే చాలు, పరీక్షకు అంతకంటే అవసరం లేదు. ఆ అమ్మాయి పాసై వెళ్లిపోయింది. మామకోసం గుచ్చిన పళ్లు మైనంలోనే, నంబరు చీటీతో అలమరలో ఉండిపోయాయి. వాటికోసం మామ అంత దూరం నుంచి మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ వచ్చే వారమని చెప్పించాను. తెచ్చిన చెనిక్కాయలు వాచ్‌మన్‌కు ఇచ్చి పోయాడట. ఆఖరికి ఒక ఆదివారం నేనే కూర్చుని సెట్టు పూర్తిచేసి, నాలుగోసారి వచ్చినప్పుడు కాలేజీ అటెండరు చేత ఇప్పించాను. నేను లోపల గదిలోనే ఉన్నాను.

తర్వాతి సంగతి అమ్మ చెప్పింది. మళ్లించే ఈల లేక మంద ఒక పెద్దరైతు చెనిక్కాయ చేలో పడింది. ఆ రైతు మామ గొర్రెల్ని కట్టేసి, పదిమందిని పోగేసి, "ఏమప్పా, ఈలెయ్యి! మీ అల్లుడు పండ్లు కట్టిచ్చినాడంట గదా, ఏసి నీ గొర్రెల్ని తోలుకోపో!" అన్నాడట. మామ జేబులోంచి సెట్టు తీసి పెట్టుకుని, నాలుక మడిచి ఊదబోయాడు. కిందివరుస ఎగిరి మట్టిలో పడింది. "పండ్లు మేతకు పోతాండాయి, పట్టుకోండబ్బా!" అని ఎవడో అరిచాడట, ఊరంతా నవ్విందట. మర్నాడే మామ కర్ర కొడుకు చేతికిచ్చి, మళ్లీ మందలోకి పోలేదు.

ఆ తర్వాత నేను ఎన్నోసార్లు ఆ ఊరు వెళ్లాను. ఎప్పుడు వెళ్లినా మామ అరుగు మీద, నోటినిండా తెల్లటి పళ్లతో కూర్చుని ఉండేవాడు. "రాండి సార్," అనేవాడు. పెద్ద చదువుకిచ్చే మర్యాదనుకుని అమ్మ మురిసిపోయేది. నేను కాదనలేదు. సార్ అనొద్దు మామా అనడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం నేను ఏ రోజు పేజీలోనూ రాసుకోలేదు.

మామ పోయిన పదకొండో నాడు అత్త ఒక గుడ్డముక్కలో చుట్టి ఆ సెట్టు నా చేతిలో పెట్టింది. కొత్తదానిలా ఉంది, అరుగుదల లేదు.

"నువ్వు వస్తాండావని తెలిస్తేనే పెట్టుకుంటాండె నాయనా. నువ్వు బస్సెక్కినాక తీసేస్తాండె. పుండ్లు పడతాండె నోరంతా. ఎందుకు పెట్టుకునేదంటే, సారు బాధపడతాడులే అంటాండె."

ఇప్పుడు ఆ ఊళ్లకు మంచినీళ్లు వస్తున్నాయి, పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే నవ్వుతున్నారు. గొర్రెలు మోటారుసైకిల్ హారన్‌కు తిరుగుతున్నాయి, ఈల తెలిసిన కాపరి ఒక్కడూ ఆ చుట్టుపక్కల లేడని మామ కొడుకే చెప్పాడు. కొత్త డాక్టర్లు పన్ను ముట్టుకునే ముందు, దానితో నీకేం పని అని అడుగుతున్నారు. మా కాలంలో ఆ ప్రశ్న లేదని చెప్పుకుంటే నాకు హాయిగా ఉండేది. ఉంది. కుర్చీలో కూర్చున్న మనిషే అడిగాడు.

డైరీలో పాత పేజీ దిద్దకూడదన్నది నా నియమం. "మగ రోగి" అన్నది అలాగే ఉంచి బీరువా మూశాను. అద్దం ముందు నిలబడి నాలుకను కింది పళ్ల వెనక మడిచి ఊదాను. గాలి తప్ప ఏమీ రాలేదు. తర్వాత కూర్చుని ఆ సోమవారం పేజీ రాశాను: "కింది పళ్లు ఆరు, గట్టివి. డాక్టరమ్మ తీయనంది."