గుర్రం పాప సంతకం

పోయిన శనివారం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా ఆఫీసు పక్కనున్న చిన్న హాలులో ఒక పాత మూగ సినిమా వేస్తున్నారని తెలిసి, ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. వందల ఏళ్ల కిందట ఫ్రాన్సు దేశంలో, దేవుడు తనతో మాట్లాడుతున్నాడని నమ్మి, మగవాళ్ల బట్టలు తొడుక్కుని, గుర్రమెక్కి సైన్యాన్ని నడిపిన పల్లెటూరి పిల్ల కథ అది. చివరికి మతపెద్దలే విచారణ జరిపి ఆమెను మంటల పాలు చేశారు. తెర మీద ఆ ముఖం కనిపించగానే ముందు వరసలో ఎవరో ఆమె పేరు గొణిగారు గాని, నాకు మాత్రం గుర్రం పాప అనే తోచింది. నా చిన్నప్పుడు, ఊరి శివారు హెబ్బగోడిలో మా అమ్మా వాళ్లూ ఆమెకు పెట్టిన పేరు అది.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. పది గదుల వఠారంలో ఒక గది మాది. మడకశిర వైపు నుంచి వచ్చిన అమ్మ, దగ్గర్లోని గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. తన పేరు సంతకం చేయడం తప్ప ఏ భాషలోనూ చదవడం రాదు. నాకేమో పుస్తకం ఉంటే చాలు, మనుషులు అక్కర్లేదు. క్లాసులో హాజరు పిలిస్తే నేను పలికే పలుకు బయటికి వినిపించక, ఎదురుగా కూర్చున్నా ఎన్నోసార్లు రానట్టే రాసుకున్నారు.

మా కన్నడ టీచరమ్మ ఒక ఆదివారం మధ్యాహ్నం స్కూలు హాలులో తెల్లదుప్పటి కట్టి ఈ సినిమానే వేసి, వీధిలోని ఆడవాళ్లందరినీ రమ్మంది. మాటల్లేని సినిమా, మధ్యమధ్యలో ఇంగ్లీషు అక్షరాల పలకలు వస్తాయి. వాటిని తెలుగులో చదివి చెప్పమని, ఇంకెవరూ లేనట్టు, నన్ను నిలబెట్టింది. మొదటి రెండు పలకలూ నాకే వినిపించలేదు. మా పక్క గది అక్క, సినిమాకే మాటల్లేవంటే చెప్పే పిల్లకూ లేవా అని నవ్వింది. ఆ నవ్వుకు ఉడుక్కునో ఏమో, మూడో పలక నుంచి గొంతు లేచింది. ఆడవాళ్లు ఊరుకుంటారా, ఆ గుండ్లు కొట్టించుకున్న సాములంతా ఎవరని, దేవుడే మాట్లాడిన పిల్లను ఎదురు ప్రశ్నలు అడగొచ్చా అని నన్నే నిలదీశారు. అలా వాళ్లకు జవాబులు చెబుతూ చెబుతూ, చదవడం రాని ఆ పిల్ల చేత మతపెద్దలు ఒక కాగితం మీద గుర్తు పెట్టించుకునే చోటికి వచ్చాం. అప్పటిదాకా ఒక్క మాటా అనని అమ్మ లేచి నిలబడింది.

"దాంట్లో ఏం రాసుండాదో ఆ పిల్లకు ఎవురన్నా చెప్పినారా పాపా?"

ఇన్నాళ్లూ తను చెప్పిందంతా అబద్ధమని ఆ కాగితంలో ఉందని చెప్పాను. అమ్మ ముఖం చిన్నబోయింది. తర్వాత గుర్రం పాప ఆ గుర్తును కాదన్నప్పుడు పక్క గది అక్క చప్పట్లు కొట్టింది. అలా కాదన్నందుకే ఆమెను కాల్చారని తరువాతి పలక చదివి చెప్పాను.

అంతకుముందు వారమే ఫ్యాక్టరీలో గొడవ జరిగింది. టీ తాగే పది నిమిషాలు తీసేశారని అమ్మ వరసలోని ముప్పై మందీ ఒక పూట మిషన్లు ఆపేశారు. సినిమా చూసిన మూడో రోజు, అత్తిబెలె నుంచి వచ్చే సూపర్‌వైజరు, అతనూ తెలుగువాడే, కన్నడంలో అచ్చువేసిన కాగితాలు పంచి, ఇవి రాజీ కాగితాలు, సంతకం పెడితే గొడవ తీరిపోతుందన్నాడట. రాజీ అంటే మంచిదే కదా అని చాలామంది పెట్టేశారు. పక్క గది అక్క వేలిముద్ర వేసింది. అమ్మ మాత్రం తన కాగితాన్ని అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసి, ఆ అక్కనే మా స్కూలుకు పంపింది.

నేను యూనిఫాంలో వెళ్లేసరికి గేటు నిండా ఆడవాళ్లు. సూపర్‌వైజరు కాగితాల కట్ట చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమక్కా, లాయరమ్మను పిలిపిచ్చినావా?"

అందరూ నవ్వారు. అమ్మ సంచిలోంచి కాగితం తీసి నా చేతికిచ్చింది. కాగితం చూడగానే మొదటి వరసలోనే ఆ మాట కనబడింది. లోగొంతుతో అమ్మకు మాత్రమే చెప్పబోయాను.

"గట్టిగా సదువు పాపా. సినిమాలో సదివినట్ల సదువు."

చదివాను. ముందు కన్నడంలో ఉన్నది ఉన్నట్టు, తర్వాత తెలుగులో.

"రాజీ కాదుమా, రాజీనామా. మన ఇష్టంతో మనమే పని ఇడిసిపెడతా ఉండామని రాసిండారు."

పక్క గది అక్క నేరుగా సూపర్‌వైజరు దగ్గరికి నడిచి, కట్టలోంచి ఒక్కో కాగితం తిరగేసింది. అక్షరాలు రాని ఆ మనిషి తన వేలిముద్రను ఎలా గుర్తుపట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు, అది లాగి నాలుగు ముక్కలు చేసింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చి తమ తమవి తీసుకున్నారు. చుట్టూ అంతమంది ఉండగా అతను అడ్డుపడలేదు. గుర్రం పాపకు జరిగింది తెలిసినదాన్ని కాబట్టి, అమ్మను ఏం చేస్తారోనని వారం రోజులు నాకు అన్నం సయించలేదు.

ఆ కాగితాలు మళ్లీ రాలేదు. టీ పది నిమిషాలూ తిరిగి రాలేదు. అమ్మను కుర్చీలోంచి లేపి, రోజంతా నిలబడి దారాలు కత్తిరించే పనికి వేశారు. ఆ పని చేస్తూనే అమ్మ అక్కడ ఇంకా ఆరేళ్లు ఉంది. ఇంటికి వచ్చి గోడకు కాళ్లు ఆనించి పడుకున్నప్పుడు కూడా, సంతకం పెట్టి ఉంటే బాగుండేదని ఒక్కసారీ అనలేదు. ఆ ఆరేళ్లలో నేను నా డైరీలో ఎందరి గురించో ఏమేమో రాశాను. తిరగేసి చూస్తే, మా అమ్మంత ధైర్యవంతురాలు వాటిలో ఇంకొకరు కనబడరు.

ఇప్పుడు ఆ వఠారం లేదు. గేటు ముందు నిలబడి ఒకరు చదివితే ముప్పై మంది వినే రోజులూ లేవు. ఎవరి కాగితం వారి ఫోనులోకే వస్తుంది, ఎవరి వేలు వారే ఒంటరిగా నొక్కుతారు. ఇన్ని పుస్తకాలు చదివిన నేను, ఆఫీసులో రోజుకు నాలుగుసార్లు ఒక్క వాక్యం చదవకుండా అంగీకరిస్తున్నానని నొక్కేస్తాను. అమ్మ అలా చేయదు. నిన్న భజన పాటల కోసం ఏదో యాప్ పెట్టుకోబోయి, ఫోను నాకిచ్చి మంచం మీద సర్దుకుని కూర్చుంది. మొదటి నుంచి చివరిదాకా, ఫోనులోని ఫోటోలు చూసేందుకు అనుమతి అడిగే చోటుతో సహా, తెలుగులో చదివాను, గొంతు ఎండిపోయేదాకా. అంతా విని అమ్మ అంది:

"పాటలు ఇనేదానికి మన ఫోటోలు ఎందుకప్పా వాళ్లకు? వద్దను."