నేను తినలేదు, రుచి చూశానంతే

ఆ రోజు నా ఎడమ కాలి చెప్పు బెల్లం మండీలోనే ఉండిపోయింది. నేను మాత్రం చిత్తూరు బస్టాండు దాకా నడిచి వచ్చేశాను. ఎండాకాలం మధ్యాహ్నం, తారు రోడ్డు. బస్సెక్కబోతుంటే వెనకాల ఉన్న ఒకామె "అన్నా, ఒగ చెప్పు యాడ పోగొట్టుకుంటివి?" అని నవ్వింది. కిందికి చూసుకున్నాను. అరికాలు ఎర్రగా కమిలిపోయి ఉంది. నాకు మంట తెలియలేదు. ఆమెతో పాటు నేనూ నవ్వాను కానీ, సీట్లో కూర్చున్నాక లోపల భయం మొదలైంది.

నా పేరు మునిరత్నం. తొంభైల చివరిలో సంగతి ఇది, అప్పుడు నాకు నలభై దాటాయి. రైతులు తెచ్చిన బెల్లం చూసి, రుచి చూసి, ఇది ఫలానా రకం అని చెప్పడం మండీలో నా పని. నేను చెప్పాకే వేలం మొదలయ్యేది.

నిజానికి సూచనలు అంతకుముందే కనిపించాయి. మా బాత్రూములో నేను ఒంటికి వెళ్లిన చోట చీమలు పట్టేవి. ఇంకొకరి ఇంట్లో అయితే పెద్దవాళ్లెవరో ఒకరు అనుమానపడి డాక్టరు దగ్గరికి తరిమేవాళ్లు. మా ఇంట్లో చీమల్ని చూసి ఎవరు ఆశ్చర్యపోతారు? దండెం మీద వేసిన నా పంచెకు చీమలే, చొక్కా జేబులోనూ చీమలే. నా భార్య సుగుణ "ఈ బెల్లం గుడ్డలు తెచ్చి ఈడ పడేస్తావు, సూడు, ఇల్లంతా చీమలు" అని తిట్టి, నా బట్టలు వేరే బకెట్లో నానబెట్టేది. విపరీతంగా దాహం వేస్తే మండీ వేడి అనుకున్నాను. బరువు తగ్గితే పని ఎక్కువైంది అనుకున్నాను. బెల్లం మా ఇంట్లో ప్రతిదానికీ జవాబు చెప్పింది.

చెప్పు సంగతి విని సుగుణ మర్నాడే నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఫాస్టింగ్ రెండు వందల అరవై. పోస్ట్ లంచ్ ఇంకా ఎక్కువ. డాక్టరు నా కాలి వేళ్లకు సూది ఆనించి "తెలుస్తోందా?" అని అడిగాడు. అప్పుడు గానీ ఆయన చేతిలో సూది ఉందని నేను చూడలేదు.

"దీన్ని న్యూరోపతీ అంటారు, నరాలు మొద్దుబారాయి. షుగర్ నిన్న మొన్న వచ్చింది కాదయ్యా. తీపి తింటావా?"

"లేదు సార్. ముట్టను."

అబద్ధం ఆడాలని ఆడలేదు. పొద్దస్తమానం బెల్లం వాసనలో బతికేవాడికి తీపి మీద ఏం ఆశ ఉంటుంది? పెళ్లిళ్లలో నా ఆకులో పాయసం వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టేవాణ్ని. సుగుణ కూడా పక్కనుంచి "తీపంటే ఈయనకు పడదు సార్" అని సాక్ష్యం చెప్పింది.

ఇంటికొచ్చి ఆమె చక్కెర డబ్బా కడిగి, ఆరబెట్టి, దాంట్లో కందిపప్పు పోసింది. అన్నం పిడికెడుకు తగ్గింది. రాగిసంగటి ముద్ద నిమ్మకాయ కంటే కాస్త పెద్దది. ఆకుకూర, కాకరకాయ, మజ్జిగ. మామిడికాయల కాలంలో మా వీధిలో ప్రతి గడపలోనూ పండ్ల బుట్టలే, మా గడప మాత్రం ఒక్క పండూ దాటలేదు. కాఫీ ఇద్దరం చక్కెర లేకుండానే తాగేవాళ్లం. నీకెందుకు ఈ శిక్ష అంటే "నువ్వొగడివే సేదు తాగతా ఉంటే నేనెట్ల తీపి తాగేది?" అంది.

అయినా షుగర్ దిగలేదు. మాత్రలు పెరిగాయి. మండీకి సెలవు ఉన్నప్పుడు పరీక్షకు వెళ్తే తక్కువ చూపించేది, ఇద్దరం సంతోషపడేవాళ్లం. పై నెలలో మళ్లీ మామూలే. చివరికి సుగుణకు నా మీద అనుమానం వచ్చింది.

"యాడ తింటా ఉండావు? నిజం సెప్పు. హోటల్లో తింటా ఉండావా?"

"నీ మీద ఒట్టు. ఏమీ తిన్లేదు."

ఆమె నమ్మలేదు. నాకు ఏడుపొచ్చింది. కడుపు మాడ్చుకుంటూ కూడా దొంగనే అయ్యాను.

ఇక్కడ మా మండీ పద్ధతి చెప్పాలి. రైతు తన కుప్పలో నుంచి ఒక దిమ్మ తీసి, పగలగొట్టి, మధ్యలోని ముక్క నా అరచేతిలో పెడతాడు. నేను నోట్లో వేసుకుంటాను. ఉప్పు నీళ్ల పొలం బెల్లమైతే నాలుకకు తెలిసిపోతుంది, తెల్లగా రావాలని మందు ఎక్కువ వేసినా తెలిసిపోతుంది. బాగుంటే తల ఊపుతాను. అప్పుడు కొనేవాళ్లు వేలం పాట మొదలుపెడతారు. ఉమ్మేయకూడదు, అది రైతు కష్టం మీద ఉమ్మినట్టు. సీజనులో పొద్దున్నే ముప్పై, నలభై కుప్పలు. అన్నేళ్లుగా చేస్తున్న పని కాబట్టి దాన్ని తిండి అని నేను ఏనాడూ అనుకోలేదు. పని అనుకున్నాను.

రెండో ఏడు ఎడమ కాలి చిటికెన వేలి కింద పుండు పడింది. ఏం గుచ్చుకుందో తెలియదు. సుగుణ గుడ్డల మీద మరక చూసి కనిపెట్టేసరికి వేలు నల్లబడింది. తిరుపతిలో పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు. అక్కడి డాక్టరు "మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఒకటి ఉంది" అని రక్తం తీయించాడు. రిపోర్టు రాగానే నా మంచం దగ్గరికి వచ్చాడు.

"నువ్వు పథ్యం చేస్తున్నట్టు లేదు. పొద్దున లేచినప్పటి నుంచి నీ నోట్లో ఏమేం పడుతుందో చెప్పు. భోజనం కాదు, నోట్లో పడేది."

చెప్పాను. కాఫీ దగ్గర మొదలుపెట్టి మండీ దగ్గరికి వచ్చాను. "ఆడ తినను సార్, రుచి చూస్తానంతే" అన్నాను. ఆ మాట నా నోట్లో ఉండగానే సుగుణ లేచి బయటికి వెళ్లిపోయింది.

వచ్చేటప్పుడు ఆమె చేతిలో ఒక బెల్లం దిమ్మ. దాన్ని పగలగొట్టి నా మంచం మీద పళ్లెం పెట్టింది. "ఒగొగ కుప్పకి నువ్వు ఎంత నోట్లో ఏసుకుంటావో అంత తీసి దీంట్లో పెట్టు" అంది. గోలీకాయంత ముక్క తీసి పెట్టాను. "ఇంగో కుప్ప" అంది. పెట్టాను. "ఇంగోటి." పళ్లెం నిండుతుంటే నా చెయ్యి ఆగిపోయింది. ఆమె ఆపనివ్వలేదు. ముప్పై కుప్పలూ అయ్యేసరికి పళ్లెంలో ఉన్న బెల్లంతో పదిమందికి పాయసం కాచవచ్చు.

"కాఫీలో చెంచాడు చక్కెర ఏసుకుంటావేమోనని నీ గలాసు కాపలా కాస్తినే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చిటికెన వేలు తీసేశారు. డ్రెస్సింగ్, ఇన్సులిన్, పథ్యం మళ్లీ మొదటి నుంచి. పంపించేటప్పుడు డాక్టరు ఒక్కమాటే చెప్పాడు. "ఇప్పుడు వేలు. ఇంకోసారి వస్తే పాదం."

పని మానేద్దామా అంటే నాకు వేరే పని రాదు. చేద్దామా అంటే పాదం పోతుంది. మండీలో షుగరని చెప్పలేదు, కాలికి దెబ్బ తగిలింది అన్నాను. బెల్లం రుచి చూసేవాడికి షుగర్ అని తెలిస్తే ఎవరు పెట్టుకుంటారు? తిరిగి వెళ్లిన మొదటి రోజే చెంగల్రాయప్ప ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. పూతలపట్టు వైపు రైతు, ఎన్నో ఏళ్లుగా తెలిసినవాడు. రంగు చూశాను, విరిచి చూశాను, చెమ్మ ఉందేమో వేలితో రుద్దాను. మంచి బెల్లం. తల ఊపి ముక్క కుప్ప మీద పెట్టేశాను.

కొనేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మునిరత్నం నోట్లో పెట్టుకోలేదంటే ఏందో ఉండాదప్పా" అన్నారెవరో. పాట కింది నుంచే మొదలై అక్కడే ఆగిపోయింది.

చెంగల్రాయప్ప నా దగ్గరికొచ్చాడు. "మా ఇంటి బెల్లంలో ఏం దోషం కనిపించినాదన్నా నీకు?" కోపంగా అడిగి ఉంటే బాగుండేది. మెల్లగా అడిగాడు.

తర్వాతి కుప్ప దగ్గర ముక్క నోట్లో వేసుకున్నాను. ఆ తర్వాతి కుప్ప దగ్గరా వేసుకున్నాను. తీపి నాలుక మీద కరుగుతుంటే నా పాదం కరిగిపోతున్నట్టు అనిపించింది. నాలుగో కుప్ప దగ్గర ఇక చేతకాలేదు. తూకం బల్ల మీద కూర్చుని, చెప్పు విప్పి, కట్టు విప్పి, కాలు అందరికీ కనిపించేలా చాపాను.

"సూడండప్పా. నాకు షుగర్. వేలు తీసేసినారు. చెంగల్రాయప్ప బెల్లం బంగారం మాదిరి ఉండాది. దాన్ని తినలేక తిన్లేదు, అంతే."

 చెంగల్రాయప్ప నా పాదం వైపు చూశాడు. తన కుప్ప దగ్గరికి పోయి, ఇందాకటి ముక్కే తెచ్చి మళ్లీ నా అరచేతిలో పెట్టాడు.

"నోట్లో వద్దులేన్నా. కళ్లకద్దుకో. అది సాల్దా?"

కళ్లకద్దుకుని ముక్క తిరిగి ఇచ్చాను. అతని బెల్లానికి పాట మళ్లీ మొదటి నుంచి పెట్టారు.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మా మండీలో నేను కళ్లకద్దుకుంటే మంచి బెల్లం, ఊరికే కింద పెడితే కాదు. అనుమానం ఉన్న కుప్పను కొనేవాళ్లే రుచి చూసుకుంటారు. నా మాటకు మునుపటి విలువ లేదు, మండీ యజమాని కొన్ని కుప్పలు వేరేవాళ్లకు చూపిస్తున్నాడు. షుగర్ పూర్తిగా అదుపులోకి రాలేదు, కానీ పాదం ఉంది. విడిపించుకున్నానని చెప్పలేను. ప్రతి పొద్దునా అన్ని చేతులూ ముక్కలు పట్టుకుని నా వైపే వస్తాయి.

మీకు షుగర్ ఉంటే నేను చెప్పగలిగింది ఒక్కటే. ఏం తింటున్నావని డాక్టరు అడిగితే కంచంలోది మాత్రమే చెప్పకండి. వంట చేస్తూ ఉప్పు చూసింది, పిల్లలు వదిలేసింది, గుడి దగ్గర చేతిలో పెట్టింది, అంగట్లో ఇచ్చింది, అన్నీ చెప్పండి. ఒక్కరోజు నోట్లో వేసుకోబోయే ప్రతిదానికీ అంతే ఇంకొకటి తీసి పళ్లెంలో పెట్టి చూసుకోండి.

నేనైతే ముక్క తిరిగి ఇచ్చిన వెంటనే పక్కనున్న చెంబులో వేళ్లు కడుక్కుంటాను. సీజనులో పొద్దున్నే ముప్పై, నలభై సార్లు. ఎందుకన్నా అంతగా కడగతావు అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. కడుక్కోకపోతే నాకే తెలియకుండా ఆ వేళ్లు నోట్లోకి వెళ్లిపోతాయి.