తిరగలి రాయి మెట్టు

మా ఇంట్లో పెరటి గడప దాటి కిందికి దిగాలంటే మూరెడు లోతు. కట్టించిన మహానుభావుడెవరో గానీ, తనకూ ముసలితనం వస్తుందని ఒక్క క్షణమైనా తలుచుకున్నట్టు లేదు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. మేం చిత్తూరులో ఉండేవాళ్లం. మా ఆయన పాకాల రైలు స్టేషన్లో పనిచేస్తూ వారానికోసారి ఇంటికొచ్చేవాడు. మిగతా రోజులు నేనూ, మా అత్తా.

ఆ ఏడు వానల్లో మా అత్త ఆ గడప దగ్గరే జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించుకొచ్చాను. కట్టు కట్టినాయన నన్ను పక్కకు పిలిచి, "ఈసారి తుంటి ఇరిగితే మంచం దిగదు తల్లీ, సూసుకో" అన్నాడు. ఆ మాటతో నాకు నిద్ర కరువైంది. ఆమె మంచాన పడితే చాకిరీ చేసేది నేనే కదా అన్న భయం కూడా ఉంది, దాచడమెందుకు.

గడప కింద ఒక్క మెట్టు ఉంటే చాలు. సిమెంటు దొరకదు. దొడ్డి మూలన పైరాయి పగిలిపోయిన పాత తిరగలి ఒకటి పడి ఉంది. దాని కిందిరాయిని దొర్లించుకొచ్చి, ఇటుక ముక్కలూ మట్టీ వేసి కుదురుగా పాతాను. ఎక్కి తొక్కి చూశాను, కదల్లేదు. చేతులు బొబ్బలెక్కినా నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా అత్త వచ్చి చూసింది. "ఇసుర్రాయి మింద కాలు పెట్టమంటావా మే?"

"పగిలిపోయింది కదత్తా, ఇంక దేనికి పనికొస్తాది?"

"పిల్లోళ్లకి సంగటి పెట్టిన రాయి అది."

అంతే. ఆ రాయి పక్కనుంచి, గోడ పట్టుకుని, మునుపటిలాగే మూరెడు లోతుకు దిగడం మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. అరిచాను, బతిమాలాను. రాయిని బోర్లా తిప్పి పాతాను. "బోర్లిస్తే వేరే రాయి అయిపోతాదా?" అంది. పైన గోనెపట్టా పరిచాను. "ఎవుర్ని మోసం చేసేదానికి?" అంది. మా ఆయనకు చెబితే, "మాయమ్మ సంగతి నీకు తెలీదా" అని పేపరు చేతిలోకి తీసుకున్నాడు. తెలియకేం, తెలిసే కదా చెబుతున్నది!

చివరికి నా పోరు పడలేక ఒప్పుకుంది. ఒప్పుకున్నాక చూడాలి చోద్యం. దిగే ముందు ప్రతిసారీ గడప మీద నిలబడి, నడుం వంచి, తల కిందికి వేలాడేసి, రాయిని తాకి కళ్లకద్దుకునేది. పడకూడదని మెట్టు వేస్తే, ఆ మెట్టు కోసమే తలకిందులుగా పడేటట్టుంది. ఒకరోజు నిజంగానే ముందుకు తూలింది. అంట్లు తోముతున్నదాన్ని బూడిద చేతులతోనే పరుగెత్తి పట్టుకున్నాను. ఇద్దరం గడప మీద కూలబడ్డాం.

"ఊరంతా ఇసుర్రాళ్లు ఉండాయి! ఎవురైనా ఇట్ల దండాలు పెడతారా?" అని అరిచాను.

ఆమె గడప పట్టుకుని సర్దుకుని కూర్చుంది. "మీ మామ సచ్చిపోయినంక కరువొచ్చింది మే. ఇంట్లో గింజ లేదు. తెల్లారితే అందరిండ్లలోనూ ఇసిరే సప్పుడు. మా ఇంట్లో లేకపోతే పక్కిండ్లోళ్లకి తెలిసిపోతాదని వట్టి రాయి తిప్పినాను. రాయి మింద రాయి. అట్ల తిప్పి తిప్పే పైరాయి పగిలిపోయింది. నా పరువు కాపాడిన రాయి అది."

ఈ ముక్క మొదటిరోజే చెప్పి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేదా అని నాకు కోపం వచ్చింది.

గడ్డపార తెచ్చి ఆ రాయిని పెకలించాను. మామూలు బండ కోసం రాళ్లు కొట్టే అతనికి కబురు పెట్టాను. అది రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆమె దొడ్డిలోకి దిగాలన్నప్పుడల్లా నేను కింద నిలబడితే, నా రెండు భుజాలూ పట్టుకుని, బరువంతా నామీదే వేసి దిగేది. పొయ్యి మీద పులుసు మాడిపోతున్నా సరే నిలబడాల్సిందే. కసురుతూనే నిలబడ్డాను.

బండ పాతిన రోజు ఆమె ఒక్కతే దిగి, వెనక్కి తిరిగి చూడకుండా దొడ్డిలోకి వెళ్లిపోయింది. నాకు కావలసింది అదే. అయినా చేతులు చాచి అక్కడే నిలబడి ఉన్నానని, ఆమె వెళ్లిపోయాక గానీ నాకు తెలియలేదు.